ప్రతాప్ ఖాతాలో మునసబు దూడలు

నా ఉద్యోగం ఏమిటని బంధువులు అడిగినప్పుడల్లా మా ఆవిడ "లేబరేటరీలో ఆఫీసరు" అని చెప్పి, కాఫీ తేవడానికి లోపలికి వెళ్లిపోయేది. అది అబద్ధం కాదు. అయితే ఆ లేబరేటరీలో నేను పరీక్షించినది రక్తమూ కాదు, తాగునీరూ కాదు, ఎద్దుల వీర్యం. ప్రతి ఉదయమూ ఎద్దులు తమ పని ముగించిన తరువాతనే నా పని మొదలయ్యేది. పిల్లల పెళ్లి సంబంధాల వేళ ఈ సంగతి విడమరచి చెప్పవలసి వస్తే, వియ్యాలవారు కిటికీలోంచి బయటకు చూసేవారు.

ఇది ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పశువైద్యుల కోసం రాస్తున్నాను. నాకు ప్రమోషను ఎప్పుడు వచ్చిందో, ఎవరు ఆపారో ఇందులో ఉండదు. ఆపినవారిలో ఒకాయన ఇప్పుడు రోజూ నాతో ఉదయపు నడకకు వస్తున్నాడు. ఆయన మోకాళ్ల పరిస్థితి చూశాక పాత కోపం నిలవడం లేదు. శాఖ ఆదేశాలు, నమూనా పత్రాలు కూడా ఉండవు. అవి మీకు ఎలాగూ వస్తాయి, వద్దన్నా వస్తాయి.

నా స్వభావం గురించి ఒక మాట. మా నాన్నగారు సాలూరు దగ్గర మిషన్ బడిలో లెక్కల మాస్టారు. ఆదివారం ప్రార్థన ముగిసి అందరూ ప్రసంగం ఎంత బాగుందో చెప్పుకుంటూ ఉంటే, ఆయన చేతి గడియారం చూసుకుని, ఎంతసేపు సాగిందో మాత్రమే చెప్పేవారు. బాగుందనేది అభిప్రాయమనీ, నలభై నిమిషాలనేది సత్యమనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకమే నాకు ఆస్తిగా వచ్చింది. తేదీ లేని మాటను, అంకె లేని పొగడ్తను నేను ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. ఈ గుణం వల్ల మిత్రులు తగ్గారు. తప్పులు కూడా తగ్గాయి.

అద్దం కింద అందగాళ్లు

వీర్య కేంద్రంలో ఎద్దు విలువను మొదట సూక్ష్మదర్శిని నిర్ణయిస్తుంది. చుక్క వీర్యాన్ని అద్దం మీద వేసి, కణాలు ఎంత చురుకుగా కదులుతున్నాయో, నూటికి ఎన్ని ముందుకు ఈదుతున్నాయో, ఎన్నింటికి తోక వంకర పోయిందో చూస్తాం. బాగా కదిలితే ఆ ఎద్దు గొప్పది. దాని వీర్యాన్ని సన్నని స్ట్రాలలో నింపి, ద్రవ నత్రజనిలో గడ్డ కట్టించి, ఊళ్లకు పంపుతాం. ఊళ్లో ఆవు ఎదకు వచ్చినప్పుడు ఆ స్ట్రాను గోరువెచ్చని నీటిలో కరిగించి గర్భంలో వేస్తారు. అక్కడితో మా పని అయిపోయిందని మేము అనుకునేవాళ్లం. ఆవు ఏమనుకునేదో ఎవరూ అడగలేదు.

మా కేంద్రంలో ప్రతాప్ అనే జెర్సీ సంకరజాతి ఎద్దు ఉండేది. అద్దం కింద ప్రతాప్ వీర్యం వర్షానికి పొంగిన గెడ్డలా సుడులు తిరిగేది. చూడటానికి పైనుంచి ఎవరు వచ్చినా మా బాసు ముందుగా ప్రతాప్ చుక్కనే చూపించేవారు. వచ్చినవారు అద్దంలోకి తొంగి చూసి "అబ్బో" అనేవారు. ఒక కన్ను మూసి "అబ్బో" అన్నంత మాత్రాన దూడ పుట్టదని వారికి చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

చురుకుగా ఈదే కణమల్లా అండాన్ని చేరదు, చేరినదల్లా అతుక్కోదు. మన కొండల్లో జీలుగు కల్లు తీసేవారిని చూడండి. చెట్టు దాకా ఎవరైనా పరుగెత్తగలరు. ఎక్కడానికి కణుపులున్న వెదురు గడ కావాలి. వీర్యంలోని ద్రవంలో కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. అవి కణాన్ని పూతలా అంటుకుని, ఆవు గర్భంలో దాన్ని బతికించి, అండాన్ని పట్టుకునే శక్తి ఇస్తాయి. ఆ వెదురు గడ అదే. గడ ఉందో లేదో సూక్ష్మదర్శిని చెప్పలేదు. అందుకే ప్రోటీన్ల లెక్క మొదలుపెట్టాను.

మేము కనిపెట్టిన కోడిగుడ్డు

ఆ లెక్క మొదలుపెట్టిన తీరు కూడా చెప్పాలి. విజయాల గురించి మాత్రమే రాసేవాడిని నేను నమ్మను.

జెల్ అనే మెత్తని పలక మీద ప్రోటీన్లను విద్యుత్తుతో పరుగెత్తిస్తే, ఒక్కొక్కటి తన బరువును బట్టి ఒక్కొక్క చోట ఆగి నీలం గీతగా కనిపిస్తుంది. మొదటి పలకలోనే అన్ని ఎద్దులకూ ఒకే చోట దట్టమైన గీత వచ్చింది. బాసు పొంగిపోయారు. "ఇదేనండీ సంతాన ప్రోటీను, మన కేంద్రం కనిపెట్టింది" అని పై అధికారికి ఫోనులో చెప్పేశారు. మధ్యాహ్నానికి మిఠాయి వచ్చింది.

నాకు ఆ గీత నచ్చలేదు. ఎద్దుకూ ఎద్దుకూ తేడా లేని గీత తేడాను ఎలా చెబుతుంది? వెనక్కి వెళ్లి చూస్తే విషయం తేలింది. మేము పరీక్షకు తీసుకున్నది స్ట్రాలలో నింపిన వీర్యం. గడ్డ కట్టేటప్పుడు కణాలు చావకుండా అందులో కోడిగుడ్డు పచ్చసొన కలుపుతాం. మిఠాయి తిని మరీ మేము కనిపెట్టినది ఎద్దు ప్రోటీను కాదు, కోడిపెట్టది. ఈ సంగతి బాసుకు చెప్పినప్పుడు ఆయన "పై వాళ్లకు ఇప్పుడే చెప్పకండి, రెండో ఫలితం వచ్చాక మొదటిది వాళ్లే మరచిపోతారు" అన్నారు. నిజంగానే మరచిపోయారు. మన వృత్తిలో ఇది కూడా నేర్చుకోవలసిన శాస్త్రమే.

అప్పటినుంచి ఎద్దు ఇచ్చిన తాజా వీర్యం నుంచి, పచ్చసొన కలపకముందే, ద్రవాన్ని వేరు చేసి పరీక్షించాను. ఈసారి ఒక గీత ఒక్కొక్క ఎద్దుకు ఒక్కొక్క మందంలో వచ్చింది.

కొండ గాలి సిద్ధాంతం

ఏడు ఎద్దులకు నా దగ్గర పూర్తి లెక్క ఉంది. ఒక పక్క గీత మందం, మరొక పక్క ఆ ఎద్దు స్ట్రాలకు చూడి కట్టిన ఆవుల సంఖ్య. ఆరు ఎద్దులకు రెండూ కలిశాయి: గీత మందంగా ఉన్నచోట దూడలు ఎక్కువ, పలుచగా ఉన్నచోట తక్కువ. ఏడోది ప్రతాప్. దాని గీత వెతికితే గాని కనిపించదు. అయినా దూడల పట్టికలో అదే మొదటి స్థానంలో ఉంది.

లెక్కను ఊళ్ల వారీగా విడదీశాను. మైదానపు ఊళ్లలో ప్రతాప్ ఫలితం దయనీయం. కొండ ఊళ్లలో మాత్రం అద్భుతం. అందులోనూ పాచిపెంట పైన ఒక వలసలో, అంటే చిన్న కొండ ఊళ్లో, ప్రతాప్ స్ట్రా వేసిన ప్రతి ఆవూ చూడి కట్టింది. ఆ వలస పేరు రాయను. రాస్తే ఇప్పటికీ పాత రికార్డులు సరిచేయడానికి బయలుదేరే ఉత్సాహవంతులు ఉన్నారు.

ఈ తేడా చూపించినప్పుడు బాసు ఆశ్చర్యపోలేదు.

"కొండ గాలండీ" అన్నారు.

"గాలికి చూడి ఎలా కడుతుంది సార్?"

"మీరు ప్రతిదానికీ ఎలా అని అడుగుతారు. స్వచ్ఛమైన గాలి, పచ్చిక, ఒత్తిడి లేని జీవితం. రిపోర్టులో అదే రాయండి."

ఆ వాక్యం నా చేతితో రాయలేదు. ఆయన వేరే ఉద్యోగితో రాయించారు. మా బాసు చెడ్డవారు కాదు. కింది ఉద్యోగుల సెలవులను ఎన్నడూ ఆపలేదు, ఎవరినీ వేలెత్తి తప్పు పట్టలేదు. ఆయనకున్న లోపం ఒక్కటే: జవాబు దొరికితే చాలు, అది ప్రశ్నకు సంబంధించినదో కాదో పట్టించుకునేవారు కాదు. ఇటువంటి బాసులు మీకూ దొరుకుతారు. వారిని ద్వేషించవద్దు, వారి సంతకం దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండండి.

నేను కొండ ఎక్కాను.

వచ్చిన మనిషిని ఉత్తినే పంపకూడదు

ఆ ప్రాంతపు గోపాలమిత్ర, అంటే నత్రజని డబ్బా భుజాన వేసుకుని ఊరూరా తిరిగి ఆవులకు స్ట్రాలు వేసే కుర్రవాడు, పేరు సింహాచలం. పని శుభ్రంగా చేస్తాడు. నా ఎదుటే ఒక ఆవుకు స్ట్రా వేశాడు. నీటి వేడి సరిగ్గా ఉంది, చేతికి తొడుగు ఉంది, తొందర లేదు. తప్పు పట్టడానికి వెళ్లిన నాకు తప్పు దొరకలేదు.

ఆవు యజమాని తాడు విప్పి, దాన్ని వాలు వైపు తోలేశాడు. పంటలు కోసేశాక ఆ ఊళ్లో పశువులను కట్టరు. కొండ మీదికి వదిలేస్తారు. కడుపు నిండితే అవే వస్తాయి. పాలు కూడా పిండరు. పాలు దూడవని వారి లెక్క. ఆ లెక్కలో నాకు తప్పు కనిపించలేదు.

ఆవు వాలు ఎక్కగానే పొదల వెనుకనుంచి ఒక నల్లని పొట్టి ఎద్దు బయటకు వచ్చింది. గట్టి మూపురం, చిన్న కొమ్ములు, ఎవరికీ జవాబుదారీ కాని నడక. స్ట్రా వేసిన సింహాచలం ఇంకా చేతులు కడుక్కోలేదు. మా కళ్లముందే అది తన విధి నిర్వర్తించింది.

నేను సింహాచలం వైపు చూశాను. అతను బకెట్టు వైపు చూశాడు.

"ఇది రోజూ జరిగేదేనా?" అన్నాను.

"నానేటి సేత్తాను సార్. ఆవులు ఆళ్లయి, కొండ ఆళ్లది."

"ఆ ఎద్దు ఎవరిది?"

"సుక్కమ్మ అప్పది సార్. పేరు మునసబు."

"మునసబా?"

"ఊళ్లో ప్రెతి గుమ్మం ముందుకీ వొస్తాది గదా సార్, అందుకని."

సుక్కమ్మ ఇల్లు ఊరి చివర. అరవై దాటిన మనిషి, ఒంటరిది. కూర్చోమని మంచం వాల్చి, చోడి అంబలి, అంటే రాగి జావ, ఇచ్చింది. నేను ఎంత గౌరవంగా అడగాలో అంత గౌరవంగా అడిగాను: మీ ఎద్దు చాలునని తెలిసినప్పుడు, మా స్ట్రా ఎందుకు వేయించుకుంటున్నారమ్మా?

ఆమె నన్ను చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

"ఈ గుంటడు అంత దూరం కొండెక్కి వొత్తన్నాడు బావూ. భుజానికి ఆ బరువు సట్టి. వొచ్చిన మనిషిని ఉత్తినే పంపీగలమేటి? సూదేసుకో అన్నాం. ఆవుకి బలమని సెప్పినాడు."

"బలమని ఎందుకు చెప్పావయ్యా?" అన్నాను.

సింహాచలం నేల చూశాడు. "బలమే కదా సార్. నానంటే ఆళ్లకి గౌరవం. దూడ కోసమంటే మునసబుకి కోపం వొస్తాదని నవ్వుతారు."

"మరి దూడ ఎవరిదనుకుంటున్నారు?" అని సుక్కమ్మను అడిగాను.

"ఎవులిదేటి, మునసబుది. సూది నువ్వేసినావు, పని అది సేసింది. నీకేటి తెల్దా?"

ఊరంతటికీ తెలిసిన సంగతే. దాచిపెట్టాలని ఎవరూ అనుకోలేదు. మాకు కూడా తెలుసుననే వారు అనుకున్నారు, చదువుకున్నవాళ్లు కదా. కింద మాత్రం స్ట్రా వేసిన ఆవుకు పుట్టిన ప్రతి దూడనూ స్ట్రాకే జమకట్టారు. ప్రతాప్ ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. చూసి ఉంటే మునసబు చేతిలో దెబ్బలు తిని ఉండేది.

తిరిగి వస్తూ ఉంటే సింహాచలం అసలు విషయం చెప్పాడు. పట్టికలో ఫలితం అంత బాగుంది గనుక, ఆ వలసను ఆదర్శ గ్రామంగా ఎంచారు. ఆదర్శ గ్రామంలో జాతి తెలియని నాటు ఎద్దు ఉండకూడదు. వచ్చే నెల పట్టకారుతో మనుషులు వచ్చి మునసబుకు విత్తులు నొక్కేస్తారు.

ఆ వాక్యాన్ని మరొకసారి చెప్పించుకున్నాను. మునసబు బాగా పని చేసింది. ఆ పేరు ప్రతాప్‌కు వచ్చింది. ప్రతాప్‌కు వచ్చిన పేరు కారణంగా మునసబును కోడెతనం నుంచి తప్పిస్తున్నారు. ఇంత నిర్దుష్టమైన అన్యాయాన్ని ఆఫీసు తప్ప మరే జీవీ నిర్మించలేదు.

"సుక్కమ్మకు తెలుసా?"

"తెల్సు సార్. ఆమెకి అదొక్కటే కష్టం." తరువాత చెప్పాడు. ఆ ఊళ్లో ఆడవాళ్లు నాగలి ముట్టరు. సుక్కమ్మకు పొలం దున్నే మగదిక్కు లేదు. ఆవును చూడి కట్టించుకున్న ప్రతి ఇల్లూ తొలకరికి ఒక పూట వచ్చి ఆమె పొలం దున్నాలి. అది మునసబు జీతం. మునసబు లేకపోతే నాగళ్లు రావు, నాగళ్లు లేకపోతే సామలూ చోళ్లూ ఉండవు.

మైదానం ఫలితం చూసినవాణ్ణి కనుక, మిగతా లెక్క నాకు ఆమెకంటే బాగా తెలుసు. మునసబును తీసేస్తే ఆ ఊళ్లో దూడలే ఉండవు. ప్రతాప్ స్ట్రాలు ఎన్ని వేసినా అవి గాలికి వేసినట్టే. కొండ గాలికైనా సరే.

రబ్బరు గొట్టం

నమ్మకం వేరు, రుజువు వేరు. దూడలు మునసబులా నల్లగా, మూపురంతో ఉన్నాయని ఊరంతా అంటుంది. రంగు సాక్ష్యం కాదు. దూడల తోక వెంట్రుకలు కుదుళ్లతో సహా తీసుకుని, మునసబువీ ప్రతాప్‌వీ జతచేసి తండ్రిని తేల్చే పరీక్షకు ఒక నగరానికి పంపాను. దాని గీత మందం చూడాలంటే మునసబు వీర్యం కూడా కావాలి. దానికి కొండ మీద వీర్యం సేకరించాలి.

ఇది ఎలా చేస్తారో రాయడానికి మర్యాద అడ్డు వస్తోంది. కాని మీరు రేపు చేయవలసిన పనే. ఎదకు వచ్చిన ఆవును ఒకచోట నిలబెడతాం. ఎద్దు దాని మీదికి ఎక్కగానే పక్కనుంచి చేరి, లోపల వేడినీళ్లు నింపిన రబ్బరు గొట్టాన్ని దానికి అడ్డు పెడతాం. కేంద్రంలో ఎద్దులకు ఇది అలవాటు. మునసబుకు నేను అపరిచితుణ్ణి.

ఊరంతా చేరింది. సింహాచలం ఆవు ముక్కుతాడు పట్టుకున్నాడు. నేను యాభై ఆరేళ్ల వయసులో, చొక్కా చేతులు మడిచి, గొట్టం పట్టుకుని, ఆవు వెనుక వంగి నిలబడ్డాను.

"బావూ" అంది సుక్కమ్మ వెనుకనుంచి, "పెద్ద సదువు సదివినావంట గదా."

"చదివానమ్మా."

"ఎన్నేళ్లు?"

"ఇరవై దాకా."

"దీనికేనా?"

నవ్వు ఆగేదాకా మునసబు కూడా ఆగింది. మొదటిసారి అది గొట్టాన్ని తన్ని నా చేతిలోంచి ఎగరగొట్టింది. రెండోసారి ఎక్కుతూ ఎక్కుతూ తల తిప్పి నా ముఖం చూసి దిగిపోయింది. దాని గౌరవం దానిది. మూడోసారి పని అయింది.

"ఒరే సిమ్మాసలం" అంది ఒక ముసలమ్మ, "ఈ బావు ఇంటికెల్లి పెళ్లానికేటి సెప్తాడురా?"

"లేబరేటరీ అని సెప్తాడు" అన్నాడు సింహాచలం. అతనితో నా సంసారం సంగతి ఎందుకు చెప్పానో నాకే తెలియదు.

సాలూరు దిగి, అక్కడే ఒక చుక్కను అద్దం కింద చూసి, ద్రవం వేరు చేసి, మంచు పెట్టెలో కేంద్రానికి తెచ్చాను. అద్దం కింద మునసబు కణాలు ఒక మాదిరి. ప్రతాప్ నూటికి డెబ్బై ఈదితే ఇది యాభై దాటలేదు. ఆ అంకె చూసి మా కుర్ర అసిస్టెంటు పెదవి విరిచాడు. మరుసటి రోజు పలక మీద గీత వచ్చింది. నేను చూసిన ఎనిమిది ఎద్దులలో అంత మందమైన గీత మరొకటి లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ గీతను చూసి పరవశించవద్దు. ఒక గీత ఎద్దును తేల్చదు. ప్రోటీన్లు అనేకం, కొన్ని మేలు చేస్తాయి, కొన్ని మోతాదు మించితే చెరుపు చేస్తాయి. ఎండదెబ్బ తగిలినా, ఎద్దు జ్వరపడినా లెక్క మారుతుంది. గీత చెప్పేది ఒక్కటే: ఇక్కడ అనుమానించు, వెళ్లి దూడలను లెక్కపెట్టు. దూడలను లెక్కపెట్టేటప్పుడు తండ్రి ఎవరో కూడా చూడు. పరిశోధన అంటే చివరికి ఇంతే. దీనికి ఇంత ఖరీదైన యంత్రాలు ఎందుకని మీరు అడగవచ్చు. యంత్రం లేకపోతే మా ఆఫీసు నన్ను కొండ ఎక్కనిచ్చేది కాదు.

పట్టకారు వచ్చిన రోజు

గీతను బాసుకు చూపించాను. ఆయన కళ్లజోడు తీసి, పలకను వెలుతురుకు పెట్టి చూసి, "అందంగా ఉంది" అన్నారు. తరువాత, "ఇది రీసెర్చి. అది ఆర్డరు. రెండూ కలపకండి" అన్నారు.

పట్టకారు బృందం వెళ్లే రోజు ఆయన స్వయంగా బయలుదేరారు. ఆదర్శ గ్రామంలో మొదటి కార్యక్రమం కదా. ముందు రోజే వెంట్రుకల ఫలితం నా చేతికి వచ్చింది. జీపులో వెనుక సీటులో, పట్టకారు పెట్టె పక్కన కూర్చుని వెళ్లాను.

మునసబును సుక్కమ్మే పట్టుకుని నిలబడింది. దాచవచ్చు, కొండ అంత పెద్దది. దాచలేదు. పారిపోతే తన ఎద్దు దొంగ అవుతుందని ఆమె అభిప్రాయం. ఊరి మగవాళ్లు గోడల వెంట కూర్చున్నారు. ఈసారి ఎవరూ నవ్వడం లేదు.

"అమ్మా, నొప్పి ఉండదు. ఒక్క నిమిషం" అన్నారు బాసు.

"నీకేటి నొప్పి" అంది సుక్కమ్మ.

బృందం తాళ్లు విప్పుతోంది. నేను బాసు దగ్గరకు వెళ్లి తెల్లకాగితం, పెన్ను ఇచ్చాను.

"ఆర్డరు పాటిద్దాం సార్. మీరు ఒక్క అంకె రాయండి. ఈ ఎద్దుకు నొక్కిన తరువాత, వచ్చే ఏడాది ఈ ఊళ్లో ఎన్ని దూడలు పుడతాయి? అంకె మీ ఇష్టం. కింద సంతకం, తేదీ."

"ఇదేమిటండీ, పరీక్షా?"

"మీ పథకమే సార్. నేను అడిగేది ఫలితం."

ఆయన పెన్ను తీసుకున్నారు. ఎన్నో వేల సంతకాలు పెట్టిన చెయ్యి. కాగితం మీద ఆనించి ఆపారు.

"ఈ ఏడు ఎన్ని?"

"పరీక్షకు పంపినవి పదకొండు."

"అందులో ప్రతాప్‌వి?"

"ఒక్కటీ లేదు సార్."

"పదకొండూ?"

"దీనివే." ఫలితం చూపించాను. ఆయన చదివారు. తలెత్తి చూస్తే అరుగు కింద నాలుగు నల్లని దూడలు పడుకుని ఉన్నాయి, నాలుగింటికీ మూపురాలే.

"అయితే మైదానంలో ప్రతాప్ లెక్క..."

"అదే అసలు లెక్క సార్."

ఆయన పెన్ను అలాగే పట్టుకున్నారు. సుక్కమ్మకు కాగితం సంగతి సగమే అర్థమైంది. అయినా అంకె అడుగుతున్నారని అర్థమైంది.

"ఏటి బావూ, రాయవేటి?" అంది బాసుతో. "ఎన్ని దూడలో రాసీ. నా పొలానికి ఎన్ని నాగళ్లు వొస్తాయో, అది కూడా పక్కన రాసీ. మా ఊరోళ్లకి సూపిస్తాను."

ఆయన పెన్నుకు మూత పెట్టారు. బృందంతో "తాళ్లు చుట్టి జీపులో పెట్టేయండి" అన్నారు.

ఆయన మీద నాకు గౌరవం కలిగిన రోజు అదే. ఆర్డరు మీద సంతకం పెట్టడానికి ధైర్యం అక్కరలేదు. దాని బరువు పైవాడు మోస్తాడు. అంకె కింద పెట్టిన సంతకం మాత్రం మన మెడకే ఉంటుంది. ఆ తేడా ఆయనకు తెలుసు. ముప్పై ఏళ్లుగా ఎవరూ ఆయనను అంకె అడగలేదు, అంతే. మీరు మీ బాసులను అడగండి. వాదించవద్దు, సిద్ధాంతాలు చెప్పవద్దు. ఒక తెల్లకాగితం ఇచ్చి అంకె రాయమనండి.

దిగివస్తున్నప్పుడు ఘాట్ రోడ్డు మలుపులో ఆయన నోరు విప్పారు.

"ఆ కొండ గాలి వాక్యం రిపోర్టులోంచి తీసేయించాలండీ."

"మంచిది సార్."

"కోడిగుడ్డు సంగతి ఎవరికీ చెప్పలేదు కదా?"

"లేదు సార్" అన్నాను. ఆయన పదవీ విరమణ చేసేదాకా మాట నిలబెట్టుకున్నాను.

ఆఖరి స్థానం

లెక్క సరిదిద్దాము. స్ట్రా వేసిన ఆవు ఆ తరువాత వదులుగా తిరిగి ఉంటే, ఆ దూడను స్ట్రాకు జమకట్టకూడదని నిర్ణయమైంది. ప్రతాప్ వీర్యం పంపడం ఆపేశారు. మైదానపు రైతులకు వేరే ఎద్దుల స్ట్రాలు వెళ్లాయి. వారి ఆవులు చూడి కట్టసాగాయి. ప్రతాప్‌ను వేలంలో ఎవరో బండికి కొనుక్కున్నారు. అద్దం కింద అంతటి అందగాడికి ఆ గతి పట్టడం విచారకరమే. కాని అందానికి బండి లాగడం కూడా వచ్చునని తేలింది.

మునసబు దూడలన్నీ ప్రతాప్ ఖాతాలోంచి తీసేసరికి, పాచిపెంట పైనున్న ఆ వలసకు పట్టికలో మిగిలింది సున్న. జిల్లాలో మొదటి స్థానం నుంచి ఒక్కసారిగా ఆఖరి స్థానానికి వచ్చింది. ఆదర్శ గ్రామం బోర్డును జీపులో వచ్చినవారే ఊడదీసుకుని వెళ్లారు. ఈ వార్త నేనే చెప్పాలనుకుని తొలకరికి కొండ ఎక్కాను. నా లెక్క వల్ల ఒక ఊరి పేరు పోయింది. చెప్పే బాధ్యత నాదే.

సుక్కమ్మ ఇంట్లో లేదు. పొలంలో ఉంది. ఏడు నాగళ్లు ఒకదాని వెనుక ఒకటి తిరుగుతున్నాయి. నాగళ్లకు కట్టిన నల్లని పొట్టి జతలను చూస్తే తండ్రిని తేల్చే పరీక్ష అవసరం కనిపించలేదు. అయినా చేయించమంటే చేయిస్తాను. ఆమె గట్టు మీద నిలబడి దున్నేవాళ్లను తిడుతోంది.

"సాలు వొంకర పోతంది, కళ్లెక్కడెట్టినావురా? బేగి తిప్పు. మద్దేన్నానికి అంబలి గాదు, కోడి వొండుతున్నాను, సెప్పినాను గదా."

నన్ను చూసి, "బావూ, మల్లీ గొట్టం తెచ్చినావేటి?" అంది.

లేదని చెప్పి, వచ్చిన పని చెప్పాను. పట్టికలో మీ ఊరు ముందు మొదటిదనీ, ఇప్పుడు అన్ని ఊళ్లకంటే ఆఖరిదనీ, దానికి కారణం నేనేననీ.

ఆమె దున్నేవాళ్ల మీదనుంచి చూపు నా వైపు తిప్పింది.

"మొదటిదంటేనే గదా ఆ పట్టకారోళ్లు వొచ్చినారు?"

"అవునమ్మా."

"ఆఖరిదైతే?"

"ఆఖరి ఊరికి సాధారణంగా ఎవరూ రారు."

"అయితే ఏటి బాధ" అంది సుక్కమ్మ. "కూకో బావూ, కోడి ఉడికిపోతంది."